గేదెల పుట్టుక, మచ్చిక చరిత్ర, జన్యు వైవిధ్యం: జాతి సంరక్షణకు అవి చెప్పే పాఠాలు

ప్రపంచంలోని గేదెలలో సగానికి పైగా భారతదేశంలోనే ఉన్నాయి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని గేదెల సంఖ్య 10.98 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 62 లక్షలు, తెలంగాణలో సుమారు 42 లక్షల గేదెలు ఉన్నట్లు అదే గణన తెలియజేసింది. దేశంలో ఉత్పత్తి అయ్యే పాలలో సగానికి కాస్త తక్కువ భాగం గేదెల నుండే లభిస్తున్నది. తెలుగు ప్రాంతాల పాడి అంటే ప్రధానంగా గేదె పాడియే. కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె, రాయలసీమలో ఎనుము అని పిలువబడే ఈ పశువు రైతు కుటుంబానికి రోజువారీ ఆదాయం, ఆపదలో అమ్ముకోగల ఆస్తి.

ఇంతటి ప్రాధాన్యం ఉన్నప్పటికీ గేదె ఎక్కడి నుండి వచ్చింది, ఎప్పుడు మచ్చిక అయింది, ఇప్పుడున్న జాతుల మధ్య తేడాలు ఎంత లోతైనవి అనే ప్రశ్నలకు సమాధానాలు చాలాకాలం అస్పష్టంగానే ఉండిపోయాయి. గడచిన మూడు దశాబ్దాలలో జన్యుశాస్త్రం ఈ అస్పష్టతను చాలావరకు తొలగించింది. ఈ జ్ఞానం కేవలం చరిత్రకు సంబంధించినది కాదు. ఏ ప్రాంతపు గేదెకు ఏ దున్నపోతు వీర్యం వాడాలి, ఏ స్థానిక పశువును కాపాడుకోవాలి అనే క్షేత్రస్థాయి నిర్ణయాలకు అది నేరుగా ఆధారమవుతుంది. ఒకసారి పోగొట్టుకున్న జన్యు వైవిధ్యాన్ని తిరిగి సృష్టించే మార్గం లేదు కనుక ఈ నిర్ణయాలు ఆలోచించి తీసుకోవలసినవి.

జంతు వర్గీకరణలో గేదె స్థానం

గేదె, ఆవు రెండూ బోవిడే కుటుంబానికి చెందినవే అయినా వాటి ప్రజాతులు వేరు. ఆవు బాస్ ప్రజాతికి, గేదె బ్యుబాలస్ ప్రజాతికి చెందుతాయి. ఆవులో 60 క్రోమోజోములు ఉండగా మన గేదెలో 50 మాత్రమే ఉంటాయి. అయితే జన్యు పదార్థం తగ్గలేదు. గేదెలోని ఐదు జతల పెద్ద క్రోమోజోములలో ఒక్కొక్కటి ఆవులోని రెండు విడి క్రోమోజోములు కలిసిపోగా ఏర్పడిన దానికి సమానం. అందువలన సంఖ్య తగ్గినా సారం దాదాపు అంతే నిలిచింది. ఆఫ్రికా అడవులలో తిరిగే సిన్సిరస్ ప్రజాతి ఎనుబోతు మన గేదెకు దూరపు బంధువు మాత్రమే. అది 52 క్రోమోజోములు కలిగినది, ఏనాడూ మచ్చిక కాలేదు.

పెంపుడు గేదెల పూర్వీకురాలు ఆసియా అడవి గేదె. దీనిని శాస్త్రజ్ఞులు బ్యుబాలస్ ఆర్నీ అని వ్యవహరిస్తారు. ఒకప్పుడు సింధు, గంగా, బ్రహ్మపుత్ర మైదానాల నుండి ఆగ్నేయాసియా వరకు విస్తరించిన ఈ జంతువు నేడు 4,000కు మించి లేదని అంచనా. అందులో అధిక భాగం అస్సాంలోని కాజీరంగా, మానస్ ప్రాంతాలలో ఉన్నది. మధ్య భారతంలో చత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి, ఉదంతి అడవులలోను, దానికి ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలోను కొద్ది సంఖ్యలో మిగిలి ఉన్నది. ఇంద్రావతి గోదావరికి ఉపనది. అంటే మచ్చిక గేదెల అసలు వంశం తెలుగు నేలకు పొరుగునే, గోదావరి పరీవాహక ప్రాంతంలోనే, చివరి ఊపిరితో మిగిలి ఉన్నదన్నమాట. చత్తీస్‌గఢ్ ప్రభుత్వం అడవి గేదెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. ఈ జంతువుకు వేట కంటె పెద్ద ప్రమాదం పెంపుడు గేదెలతో కలయిక. అడవి అంచున మేసే పెంపుడు మందలతో సంకరం జరిగిన కొద్దీ అడవి వంశపు స్వచ్ఛత తరిగిపోతున్నది. మందల నుండి అంటుకునే వ్యాధులు మరొక ముప్పు.

నది రకం, చిత్తడి రకం

పెంపుడు గేదెలలో రెండు ప్రధాన రకాలు ఉన్నాయి. భారత ఉపఖండం నుండి పశ్చిమాసియా, ఈజిప్టు, ఇటలీ వరకు కనిపించేది నది రకం. అస్సాం నుండి మయన్మార్, థాయిలాండ్, వియత్నాం, దక్షిణ చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వరకు కనిపించేది చిత్తడి రకం. నది రకం ప్రధానంగా పాడి పశువు. దాని కొమ్ములు చాలా జాతులలో వంపు తిరిగి ఉంటాయి, శరీరం నల్లగా ఉంటుంది, పారే నీటిలో మునగడాన్ని ఇష్టపడుతుంది. చిత్తడి రకం ప్రధానంగా వరి పొలాలలో దమ్ము చేసే పశువు. దాని కొమ్ములు అర్ధచంద్రాకారంలో వెనుకకు చాచి ఉంటాయి, శరీరం బూడిద రంగులో ఉండి మెడ కింద తెల్లని చారలు కనిపిస్తాయి, బురద గుంటలలో పొర్లడం దాని అలవాటు. పాల దిగుబడి స్వల్పం.

ఈ తేడా కేవలం రూపానికి చెందినది కాదు. నది రకంలో 50 క్రోమోజోములు ఉండగా చిత్తడి రకంలో 48 మాత్రమే ఉన్నాయి. నది రకంలోని 4వ, 9వ క్రోమోజోములు ఒకదాని కొసకు మరొకటి అతుక్కొనిపోయి చిత్తడి రకంలో ఒకే పెద్ద క్రోమోజోముగా మారాయి. ఇక్కడ కూడా జన్యు పదార్థం పోలేదు, అమరిక మాత్రమే మారింది.

రెండు రకాలను కలిపితే పుట్టే సంతానానికి 49 క్రోమోజోములు ఉంటాయి. ఈ సంకర పశువులు గొడ్డువి కావు. కాని బీజకణాలు ఏర్పడే సమయంలో అతుక్కున్న పెద్ద క్రోమోజోము, విడిగా ఉన్న రెండు క్రోమోజోములతో జత కూడవలసి వస్తుంది. ఈ ముగ్గురి జతలో పంపకం సరిగా జరగకపోతే కొన్ని బీజకణాలు లోపభూయిష్టమవుతాయి. అందువలన సంకర దున్నపోతులలో వీర్య నాణ్యత, పునరుత్పత్తి సామర్థ్యం తగ్గిన సందర్భాలు నమోదయ్యాయి. సంకర గేదెను మళ్లీ నది రకంతో దాటిస్తే వచ్చే దూడలలో కొన్నింటికి 49, కొన్నింటికి 50 క్రోమోజోములు ఉంటాయి. ఇది విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం. 50 క్రోమోజోములు ఉన్నంత మాత్రాన పశువు స్వచ్ఛమైన నది రకమని చెప్పడానికి వీలులేదు. అటువంటి పశువు వంశాన్ని నిర్ధారించడానికి క్రోమోజోముల లెక్కతో పాటు డి.ఎన్.ఎ. పరీక్ష కూడా అవసరం.

భారతదేశంలో ఈశాన్య ప్రాంతం రెండు రకాలూ కలిసే సరిహద్దు. అక్కడ 48, 49, 50 క్రోమోజోములు కల పశువులు మూడూ కనిపిస్తాయి. అస్సాంకు చెందిన లూయిత్ గేదె దేశంలో గుర్తింపు పొందిన చిత్తడి రకపు జాతి. పాల దిగుబడి పెంచాలనే సదుద్దేశంతో ఈ ప్రాంతానికి ముర్రా వీర్యాన్ని విచక్షణ లేకుండా పంపితే ఏమి జరుగుతుందో పై వివరణ స్పష్టం చేస్తున్నది.

పురావస్తు ఆధారాలు

గేదె మచ్చిక చరిత్రకు ఎముకల సాక్ష్యం అంత సులువుగా చదవగలిగినది కాదు. గొర్రె, మేకల వలె గేదెలో మచ్చిక వలన శరీర పరిమాణంలో వెంటనే కొట్టవచ్చినట్లు మార్పు రాలేదు. ఒక గుట్టలో దొరికిన ఎముక వేటాడిన అడవి గేదెదా, కట్టేసి పెంచిన గేదెదా అని చెప్పడానికి ఎముక కొలతలు, చంపిన వయస్సు, ఆడ మగ నిష్పత్తి వంటి అనేక అంశాలను కలిపి చూడవలసి ఉంటుంది.

సింధు నాగరికత ముద్రికలపై గేదె బొమ్మలు ఉన్నాయి. మొహెంజొదారోలో దొరికిన ముద్రికలలో పొడవాటి కొమ్ములు, మోర ఎత్తిన భంగిమ స్పష్టంగా కనిపిస్తాయి. కచ్‌లోని ధోలావీరలో లభించిన ఎముకలను పరిశీలించిన పురావస్తు శాస్త్రజ్ఞులు హరప్పా కాలం నాటికే అక్కడ మచ్చిక గేదెలు ఉన్నాయని అభిప్రాయపడ్డారు. సింధు ప్రాంతం నుండి గేదె దూరదేశాలకు చేరినట్లు కూడా ఆధారం ఉన్నది. మెసొపొటేమియాలోని అక్కాడ్ రాజు షార్-కాలి-షర్రి లేఖకుడైన ఇబ్ని-షర్రుమ్ ముద్రికపై నీళ్లు తాగుతున్న గేదెలను చెక్కారు. క్రీస్తుపూర్వం 23వ శతాబ్ది చివరికి చెందిన ఈ ముద్రిక నేడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది.

చైనా విషయంలో పాత అభిప్రాయం పూర్తిగా తారుమారైంది. యాంగ్‌ట్సీ దిగువ ప్రాంతంలోని హెముడులో సుమారు 7,000 సంవత్సరాల నాటి వరి సాగు ఆనవాళ్లతో పాటు గేదె ఎముకలు దొరికాయి. వరి పండించేవారి వద్ద గేదె ఉంటే అది దున్నడానికే అయి ఉంటుందని చాలాకాలం భావించారు. కాని ఉత్తర చైనాలో లభించిన పురాతన గేదె ఎముకల నుండి డి.ఎన్.ఎ.ను వెలికితీసి 2008లో ప్రకటించిన ఫలితాలు మరొక సంగతిని బయటపెట్టాయి. అవి నేటి పెంపుడు గేదెకు పూర్వీకులు కావు. అవి బ్యుబాలస్ మెఫిస్టోఫెలిస్ అనే, అంతరించిపోయిన వేరొక అడవి జాతికి చెందినవి. ఎముక దొరికిన చోటల్లా మచ్చిక జరిగిందని తీర్మానించరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

భాషా సాక్ష్యాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించవచ్చు. తెలుగులో ఎనుము, తమిళంలో ఎరుమై, మలయాళంలో ఎరుమ, కన్నడంలో ఎమ్మె అనే పదాలు ఒకే ద్రావిడ ధాతువు నుండి పుట్టినవని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ భాషలు విడిపోవడానికి ముందే ఈ పశువుతో పరిచయం ఉన్నదని దీని వలన తెలుస్తుంది. అయితే ఆ పరిచయం అడవి గేదెతోనా, పెంపుడు గేదెతోనా అనేది పదం ఒక్కటే చెప్పలేదు.

తల్లి వంశం చెప్పే కథ

కణంలోని మైటోకాండ్రియాకు సొంత డి.ఎన్.ఎ. ఉంటుంది. గేదెలో దీని పొడవు సుమారు 16,300 క్షారాలు. ఇది తల్లి నుండి మాత్రమే సంతానానికి సంక్రమిస్తుంది, తండ్రి డి.ఎన్.ఎ.తో కలవదు. కాలక్రమంలో చిన్న చిన్న మార్పులు పోగుపడతాయి కనుక రెండు పశువుల మధ్య ఉన్న తేడాలను లెక్కించి వాటి ఉమ్మడి తల్లి ఎంతకాలం క్రితం జీవించిందో అంచనా వేయవచ్చు. ముఖ్యంగా డి-లూప్ అనే భాగం వేగంగా మారుతుంది కాబట్టి ఇటువంటి అధ్యయనాలకు దానిని ఎంచుకుంటారు.

నది రకం, చిత్తడి రకాల మైటోకాండ్రియా వంశాలు స్పష్టంగా వేరుగా ఉన్నాయి. వాటి ఉమ్మడి తల్లి జీవించిన కాలం, మనిషి పశువులను మచ్చిక చేయడం నేర్చుకొన్న కాలానికి ఎంతో ముందు. దీని నుండి ఒక ముఖ్యమైన విషయం తేలుతున్నది. ఒకే మచ్చిక గేదె తరువాత రెండు రకాలుగా విడిపోలేదు. అడవిలోనే విడిపోయిన రెండు వేర్వేరు సమూహాలను వేర్వేరు చోట్ల, వేర్వేరు ప్రజలు మచ్చిక చేశారు.

నది రకం విషయంలో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం శాస్త్రజ్ఞుల కృషి ఎన్నదగినది. వారు దేశంలోని ఎనిమిది జాతులకు చెందిన 217 గేదెల డి-లూప్ క్రమాలను విశ్లేషించి 2007లో ఫలితాలు ప్రచురించారు. భారత గేదెలలోని ఒక ప్రధాన తల్లి వంశపు విస్తరణ సుమారు 6,300 సంవత్సరాల క్రితం జరిగినట్లు వారు అంచనా వేశారు. మచ్చిక ఉపఖండపు పశ్చిమ ప్రాంతంలో, అంటే నేటి మెహసానా, సూర్తీ, పంఢర్‌పురి జాతుల ప్రాంతాలలో, జరిగి ఉండవచ్చునని సూచించారు. మరొక అంశం ఇంకా ఆసక్తికరమైనది. నేటి గేదెలు ఒకే తల్లి వంశం నుండి రాలేదు. తొలి మచ్చిక తరువాత కూడా అడవి గేదెలు పెంపుడు మందలలో చాలాకాలం కలుస్తూనే ఉన్నాయి. మన గేదెలలోని వైవిధ్యానికి ఈ నిరంతర కలయిక ఒక ముఖ్య కారణం.

చిత్తడి రకం మచ్చిక చైనా, ఇండోచైనా సరిహద్దు ప్రాంతంలో జరిగినట్లు 2016లో ప్రచురితమైన విస్తృత అధ్యయనం తేల్చింది. తల్లి వంశాన్ని చూపే మైటోకాండ్రియాను, తండ్రి వంశాన్ని చూపే వై క్రోమోజోమును కలిపి పరిశీలించడం దాని ప్రత్యేకత. ఒక్కొక్క ప్రాంతపు చిత్తడి గేదెలు ఇతర ప్రాంతాల వాటి నుండి బలంగా వేరుపడి ఉన్నట్లు కూడా అది చూపింది. పాడికి గాక దుక్కికి వాడే పశువును మంచి విత్తనం కోసం దూరప్రాంతాల నుండి తెచ్చుకొనే అవసరం తక్కువ కావడం ఇందుకు ఒక కారణమై ఉండవచ్చు.

వలసలు

నది రకం గేదె ఉపఖండం నుండి పడమరకు సాగింది. ఫారోల కాలపు ఈజిప్టులో గేదె లేదు. ఇస్లాం వ్యాప్తి తరువాతనే అది నైలు లోయలో స్థిరపడింది. మధ్యయుగాల నాటికి బాల్కన్ ప్రాంతానికి, ఇటలీకి చేరింది. మోజరెల్లా జున్నుకు పేరుగాంచిన ఇటలీ గేదెలు ఈ వలసకు వారసులు. ఆధునిక కాలంలో ముర్రా జాతి ఎన్నో దేశాలకు వెళ్లింది. 1962లో బల్గేరియా దిగుమతి చేసుకొన్న ముర్రాల నుండి బల్గేరియన్ ముర్రా రూపొందింది. బ్రెజిల్‌లో ముర్రా, జఫరాబాదీ, మధ్యధరా గేదెలు మూడూ పెరుగుతున్నాయి. చిత్తడి రకం ఆగ్నేయాసియా దీవుల మీదుగా 19వ శతాబ్దిలో ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి చేరి, అక్కడ వదలివేయబడి మళ్లీ అడవి జంతువుగా మారింది.

ఇలా దూరం సాగిన మందలలో వైవిధ్యం క్రమంగా తగ్గడం సహజం. బయలుదేరిన కొద్ది పశువులలో ఉన్న జన్యువులే కొత్త చోటికి చేరతాయి. అందువలన ఏ జీవికైనా అత్యధిక వైవిధ్యం సాధారణంగా దాని మూలస్థానంలోనే ఉంటుంది. నది రకం గేదెకు ఆ మూలస్థానం మన ఉపఖండమే. ప్రపంచంలోని పాడి గేదెల జన్యు నిధికి కాపలాదారు భారతీయ రైతే అని దీని అర్థం.

భారత గేదె జాతులలోని వైవిధ్యం

కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశంలో 20 వరకు గేదె జాతులను గుర్తించి నమోదు చేసింది. హర్యానా ప్రాంతపు ముర్రా, పంజాబ్‌లోని నీలి-రావి, గుజరాత్‌లోని జఫరాబాదీ, మెహసానా, సూర్తీ, బన్నీ, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్‌ల సరిహద్దులోని భదావరి, మహారాష్ట్రలోని నాగపురి, పంఢర్‌పురి, మరాఠ్వాడీ, తమిళనాడులోని తోడా, బర్గూర్, ఒడిశాలోని చిలికా, కలహండి, మండా వీటిలో కొన్ని.

ఒక్కొక్క జాతికి తాను పుట్టిన నేలకు తగిన గుణం ఉన్నది. భదావరి పాలు తక్కువ ఇచ్చినా వెన్న శాతం అత్యధికం, కొన్ని పశువులలో 13 శాతం వరకు నమోదైంది. బన్నీ గేదెలు కచ్ ఎండలను తప్పించుకొని రాత్రివేళ మేస్తాయి. చిలికా గేదెలు ఉప్పు కలసిన సరస్సు నీటిలో దిగి అక్కడి గడ్డిని మేసి బతుకుతాయి. నీలగిరి కొండలలో తోడా ప్రజలు పెంచే తోడా గేదె కొండ చలికి అలవాటుపడినది. వారి ఆచార జీవితంలో దానికి పవిత్ర స్థానం ఉన్నది. సంఖ్యాపరంగా మాత్రం ఇది అతి చిన్న సమూహం.

జన్యు సూచికలతో జరిపిన అధ్యయనాలలో రెండు విషయాలు పదేపదే వెల్లడయ్యాయి. మొదటిది, మొత్తం వైవిధ్యంలో జాతుల మధ్య ఉన్న భాగం స్వల్పం, ప్రతి జాతి లోపల పశువుకు పశువుకు మధ్య ఉన్న భాగం అత్యధికం. అంటే జాతిని మార్చకుండానే, ఆ జాతి లోపల మంచి పశువులను ఎంపిక చేయడం ద్వారా ప్రగతి సాధించే అవకాశం పుష్కలంగా ఉన్నది. రెండవది, తోడా వంటి ఏకాంత సమూహాలు మిగిలిన వాటి నుండి గణనీయంగా వేరుపడి ఉన్నాయి. జాతుల మధ్య తేడా స్వల్పమన్న మాటను ఏ జాతి పోయినా నష్టం లేదని అర్థం చేసుకోరాదు. ఉప్పునీటిని తట్టుకొనే గుణానికో, అధిక వెన్న శాతానికో కారణమైన కొద్దిపాటి జన్యువులే ఆ స్వల్ప భాగంలో ఉండవచ్చు.

ఫలితాలను చదివేటప్పుడు పాటించవలసిన ఒక జాగ్రత్తను ఇక్కడ పేర్కొనడం అవసరం. 2019లో మధ్యధరా గేదె సంపూర్ణ జన్యుపటం క్రోమోజోముల స్థాయిలో వెలువడింది. 250 కోట్లకు పైగా క్షారాల ఈ పటం పరిశోధనకు కొత్త ద్వారం తెరిచింది. దానికి ముందే సుమారు 90,000 సూచికలు కల జన్యు చిప్ అందుబాటులోకి వచ్చింది. అయితే ఈ చిప్‌లోని సూచికలను ముర్రా, జఫరాబాదీ, నీలి-రావి, మధ్యధరా వంటి నది రకపు జాతులలో తేడాలు చూపేవిగా ఎంపిక చేశారు. అందువలన చిత్తడి రకాన్ని ఇదే చిప్‌తో పరీక్షిస్తే దానిలో వైవిధ్యం ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తుంది. ఎవరి కొలబద్దతో ఎవరిని కొలుస్తున్నామో తెలియకుండా ఫలానా పశువులో వైవిధ్యం లేదని తీర్మానించరాదు. ఇంతవరకు వర్ణించని తెలుగు ప్రాంతపు నాటు గేదెలకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

తెలుగు రాష్ట్రాల పరిస్థితి

గత శతాబ్దంలో కృష్ణా, గోదావరి డెల్టాలకు ముర్రా దున్నపోతులను తెచ్చి స్థానిక గేదెలతో తరతరాలుగా దాటించడం వలన గ్రేడెడ్ ముర్రా పశువులు విస్తరించాయి. డెల్టాలో ఇలా స్థిరపడిన పశువులను గోదావరి గేదెలని పిలుస్తారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని వెంకట్రామన్నగూడెం గేదెల పరిశోధనా స్థానంలో వీటిపై పరిశోధన జరిగింది. పచ్చిమేత, నీరు, పాల మార్కెట్ ఉన్న డెల్టాలో ఈ విధానం రైతు ఆదాయాన్ని పెంచిందనడంలో సందేహం లేదు.

దీని రెండవ పార్శ్వాన్ని లెక్కలో చూడవచ్చు. నాటు గేదెను ముర్రాతో దాటిస్తే మొదటి తరంలో నాటు వారసత్వం 50 శాతం. రెండవ తరంలో అది 25, మూడవ తరంలో 12.5, నాలుగవ తరంలో 6.25, ఐదవ తరంలో 3.13 శాతానికి పడిపోతుంది. గేదెలో ఒక తరానికి ఐదారు సంవత్సరాలు పడుతుందనుకొంటే ముప్పై సంవత్సరాల లోపే ఒక ప్రాంతపు నాటు వంశం దాదాపు తుడిచిపెట్టుకొనిపోతుంది. డెల్టాలో ఇది తెలిసి చేసిన ఎంపిక. కాని అదే సిఫారసును మేత కొరత, ఎండ తీవ్రత ఉన్న మెట్ట ప్రాంతాలకు, ఉత్తరాంధ్ర కొండ ప్రాంతాలకు యథాతథంగా వర్తింపజేస్తే, తక్కువ మేతతో, తక్కువ ఖర్చుతో ఏటా ఈనే పశువు స్థానంలో పోషణ లేక ఈతకు ఈతకు మధ్య ఎడం పెరిగే పశువు మిగలవచ్చు.

ఉత్తరాంధ్రకు ఆనుకొని ఉన్న ఒడిశా కొండ ప్రాంతాల గేదెలు ఈ సందర్భంలో గమనింపదగినవి. పెద్దకిమిడి అని కూడా పిలువబడే కలహండి గేదె, కోరాపుట్ ప్రాంతపు మండా గేదె దుక్కికి, పాలకు రెండింటికీ ఉపయోగపడే గట్టి పశువులు. వాటికి జాతి గుర్తింపు లభించింది. సరిహద్దుకు ఇవతల అదే తూర్పు కనుమలలో మేసే పశువులు మాత్రం ఎక్కువగా నాటు గేదెలనే పద్దులోనే లెక్కింపబడుతున్నాయి. పేరు లేని పశువుకు విధానపత్రాలలో చోటు ఉండదు. చోటు లేని పశువు ఎప్పుడు అంతరించినదో కూడా ఎవరికీ తెలియదు.

దున్నపోతుల సంఖ్యే కీలకం

ఒక మందలో ఎన్ని గేదెలు ఉన్నాయన్నది వైవిధ్యానికి కొలమానం కాదు. ఎన్ని దున్నపోతులు తరువాతి తరానికి తండ్రులవుతున్నాయన్నది అసలు కొలమానం. దీనిని ప్రభావశీల సంఖ్య అనే భావనతో లెక్కిస్తారు. దున్నల సంఖ్యను గేదెల సంఖ్యతో గుణించి, దానిని నాలుగుతో హెచ్చించి, వచ్చినదానిని దున్నల, గేదెల మొత్తం సంఖ్యతో భాగిస్తే ప్రభావశీల సంఖ్య వస్తుంది.

ఒక ప్రాంతంలో 10,000 గేదెలకు 10 దున్నల వీర్యాన్ని మాత్రమే వాడారనుకొందాము. ప్రభావశీల సంఖ్య సుమారు 40. గేదెలను లక్షకు పెంచినా, దున్నలు 10 మాత్రమే ఉంటే ఆ సంఖ్య 40 దగ్గరే నిలిచిపోతుంది. దున్నలను 50కి పెంచితే అది సుమారు 200కు చేరుతుంది. తరానికి పెరిగే అంతఃప్రజననం ప్రభావశీల సంఖ్యకు రెట్టింపుతో ఒకటిని భాగించగా వచ్చిన విలువకు సమానం. మొదటి సందర్భంలో అది తరానికి 1.25 శాతం, చివరి సందర్భంలో 0.25 శాతం. పది తరాలలో మొదటిది సుమారు 12 శాతానికి, చివరిది సుమారు 2.5 శాతానికి చేరుతుంది. అంతఃప్రజననం పెరిగే కొద్దీ దూడల మరణాలు, చూలు నిలవకపోవడం, ఎదుగుదల మందగించడం వంటి నష్టాలు పెరుగుతాయి. ప్రభావశీల సంఖ్య కనీసం 50 ఉండాలన్నది సాధారణంగా అంగీకరించిన హద్దు. లక్షల గేదెలున్న జిల్లా కూడా, వీర్యం కొద్ది దున్నలదే అయితే, ఈ హద్దుకు దిగువన ఉండవచ్చు.

విస్తరణ శాస్త్రజ్ఞులకు సూచనలు

ఈ చరిత్ర, లెక్కల నుండి క్షేత్రంలో అనుసరించదగిన కొన్ని సూత్రాలు ఏర్పడుతున్నాయి.

మొదటిది, సిఫారసు ప్రాంతాన్ని బట్టి ఉండాలి. నీరు, పచ్చిమేత, పాల సేకరణ కేంద్రం ఉన్నచోట ముర్రాతో జాత్యున్నతి సమంజసం. అవి లేనిచోట నాటు గేదెలలోనే మేలైనవాటిని ఎంపిక చేసి, వాటి మగ దూడలను విత్తనపు దున్నలుగా పెంచడం మేలు. జాతి లోపలి వైవిధ్యం అధికమన్న వాస్తవం ఈ మార్గానికి శాస్త్రీయ ఆధారం.

రెండవది, గ్రామంలో సహజ దాటింపుకు వాడే దున్నపోతును సుమారు మూడు సంవత్సరాలకు ఒకసారి మార్చాలి. దాని మొదటి పడ్డలు ఎదకు వచ్చే సమయానికి అదే దున్న ఊరిలో ఉంటే తండ్రీ కూతుళ్ల కలయిక జరుగుతుంది. అటువంటి దూడలో అంతఃప్రజనన గుణకం 25 శాతం. దున్నను అమ్మివేయనవసరం లేదు, దూరపు గ్రామంతో మార్పిడి చేసుకొంటే చాలు. మందకు బయటి దున్న తేవడమనేది పాత కాలపు రైతులకు తెలియని పద్ధతి కాదు.

మూడవది, కృత్రిమ గర్భధారణ కేంద్రాలలో వాడిన వీర్యపు దున్న సంఖ్యను ప్రతి గేదెకు నమోదు చేసి, పుట్టిన పడ్డ ఎదకు వచ్చినప్పుడు ఆ వివరాన్ని సరిచూడాలి. మూగ ఎద సమస్య ఉన్న గేదెలలో ఎద గుర్తించడమే కష్టం కనుక దొరికిన వీర్యం వేయడం పరిపాటి. ఈ ఒక్క నమోదు అలవాటైతే పెద్ద నష్టం తప్పుతుంది.

నాలుగవది, నాటు గేదెల రూపం, కొమ్ముల వంపు, ఈతల మధ్య ఎడం, పాల దిగుబడి, వెన్న శాతం, రైతు వాటిని ఉంచుకోవడానికి చెప్పే కారణం వంటి వివరాలను సేకరించాలి. జాతి గుర్తింపునకు మొదటి మెట్టు ఈ వర్ణనే. రక్త నమూనాలు, జన్యు విశ్లేషణ ఆ తరువాతి మెట్లు. పశువైద్య విద్యార్థులు గ్రామాలలో ఉండే కాలంలోనే ఈ పని చేయవచ్చు. దానికి ప్రయోగశాల కన్న ముందు కొలత టేపు, పుస్తకం, ఓపిక కావాలి.

ఐదవది, సంఖ్య తరిగిపోతున్న సమూహాల వీర్యాన్ని, పిండాలను అతిశీతల స్థితిలో భద్రపరచాలి. అయితే భద్రపరచిన వీర్యం బతికున్న మందకు ప్రత్యామ్నాయం కాదు. మారుతున్న వాతావరణానికి, కొత్త వ్యాధులకు తట్టుకొనే ఎంపిక పొలంలో, మేత భూమిలో, రైతు ఇంటి ముందే జరుగుతుంది.

ముగింపు

ఆరు వేల ఏళ్లకు పైగా సాగిన మచ్చికలో ఎందరో పశుపాలకులు అడవి గేదెలను మందలో కలుపుకొంటూ, తమ నేలకు తగినవాటిని నిలుపుకొంటూ ఈ వైవిధ్యాన్ని నిర్మించారు. వారికి క్రోమోజోముల సంఖ్య తెలియదు, కాని ఏ పశువు తమ ఊరి ఎండకు, మేతకు నిలబడుతుందో తెలుసు. నేడు ఒక వీర్యపు గొట్టం ఆ వేల ఏళ్ల కృషిని కొద్ది తరాలలో పెంచగలదు, చెరపగలదు. ఆ గొట్టాన్ని చేతబట్టే ముందు ఎదుట నిలిచిన గేదె ఏ వంశానిదో, ఏ నేలదో ఒకసారి తెలుసుకోవడం విస్తరణ సేవకు చెందినవారి ప్రాథమిక బాధ్యత.